ఎనిమిదో పాయింటు

రోస్టరు రిజిస్టరు నా చేతిలోనే ముసలిదైంది.
వెన్ను విరిగితే మైదా జిగురు రాసి
దాలయ్య చేత రెండుసార్లు అట్ట కట్టించాను.
నూరు గీతలు, నూరు అంకెలు.
ఎర్రసిరా గీత కొట్టేటప్పుడు
స్కేలు జారకుండా ఊపిరి బిగబట్టేవాణ్ణి.

ఆరో అంకె, చూపు లేని మహిళ.
ఎనిమిదో అంకె, గిరిజన మహిళ.
ఎనిమిదికి ఎదురుగా పదకొండేళ్లు
ఒకటే మాట రాశాను, గుండ్రటి అక్షరాలతో:
'తగిన అభ్యర్థి దొరకలేదు.'
సీతంపేట కొండలు మా ఆఫీసు మేడ మీంచి కనబడవు గానీ
శ్రీకాకుళంలో బస్సెక్కితే పూట పట్టదు.
ఎవరూ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు.
వెతకనివాళ్లం దొరకలేదని రాయడం
ఆఫీసు భాషలో తప్పు కాదు.

ఆ ఏడు బ్యాక్‌లాగు నింపమని పైనుంచి తాఖీదు.
వానకి తడిసిన సర్టిఫికెట్ల కవరు గుండెకి హత్తుకుని
సవర పుణ్యవతి వచ్చింది.
సంతకం పెట్టించాను, గడి నింపాను,
సిరా ఆరేదాకా ఊదాను.
గడి నిండింది కదా, ఇంకేటి?

కుర్చీ కోసం మూడు రోజులు నిలబడింది.
తలుపు పక్కన తపాలా బల్ల ఇచ్చాం,
ఒక కాలి కింద ఇటుక ముక్క.
"కోటా పిల్ల" అన్నారు కేరేజీల దగ్గర,
ఆవకాయ ఒకరికొకరు అందించుకుంటూ.
నేనూ నవ్వాను.
మా నాన్న ఇదే గదిలో లెడ్జరు మీద తల వాల్చేసి పోతే
కారుణ్యం కింద ఈ కుర్చీలోకి వచ్చినవాణ్ణి.
ఆ రోజు ప్రతిభ సంగతి
ఎవరూ ఎత్తలేదు.

ఇక తాళంచెవి సంగతి.
ఆడవాళ్ల మరుగుదొడ్డిది
సూపర్నెంటు గారి కుర్చీ వెనక మేకుకి వేలాడేది.
ఎవరికి అవసరమైనా ఆయన ముందుకెళ్లి నిలబడాలి
ఆయన ఫోను పెట్టేదాకా,
పేపరు మడిచేదాకా,
"మళ్లీనా?" అని కళ్లద్దాల మీంచి చూసేదాకా.
ఉన్న ఆడవాళ్లంతా
పగలు నీళ్లు తాగడం మానేశారని నాకు తెలీదు.
వాళ్ల బల్లల మీద సీసాలు సాయంత్రానికీ నిండుగా ఉండడం మాత్రం
ముప్పయ్యేళ్లు చూశాను.

మొదటి జీతం అందిన మర్నాడు
పుణ్యవతి ఆ చెవి తిరిగివ్వడానికి గంట ఆలస్యం చేసింది.
ఏడురోడ్ల కూడలికెళ్లి
ఆరు నకళ్లు కోయించుకొచ్చింది.
అరుణజ్యోతికి ఇచ్చినదానికి మాత్రం
అడ్డపిక్కకి బెజ్జం పెట్టి దారంతో కట్టింది,
వేళ్లకి తెలిసేలా.

అరుణజ్యోతి మా ఆరో అంకె.
చెప్పుల చప్పుడు బట్టి అందర్నీ పోల్చే మనిషి.
పిక్కని బొటనవేలితో రుద్ది రుద్ది,
"నున్నగుందే. ఏ సెట్టుదమ్మా?" అంది.
పన్నెండేళ్ల సర్వీసులో
ఆమె పని కాని మాట ఒకటి అడగడం
అప్పుడే విన్నాను.

సూపర్నెంటు గారు మెమో రాయమన్నారు:
'ప్రభుత్వ తాళమునకు అనుమతి లేక నకలు.'
రూలు పుస్తకాలన్నీ దింపి రెండు రోజులు వెతికాను.
నకలు తప్పనే రూలు కనబడలేదు.
ఆ మేకుకీ ఏ జీవోలోనూ ఆధారం కనబడలేదు.
ఈ రెండు వాక్యాలూ నోటు పెట్టి పైకి పంపాను.
'చర్చించుము' అని తిరిగొచ్చింది.
ఎవరూ చర్చించలేదు.
ఇప్పుడా మేకుకి ఆయన గొడుగు వేలాడుతోంది.

మార్చి నెల. సాలుసరి నివేదిక ముందుంది.
'సమాన అవకాశాలకై తీసుకున్న చర్యలు'
ఆ గడిలో ఏటా ఏదో ఒకటి రాసేవాణ్ణి.
ఈసారి కలం మూత తీసి
కిటికీ అవతల నాగావళి ఇసక చూస్తూ కూర్చున్నాను.
తపాలా బల్ల కింద ఇటుక అలాగే ఉంది. రేపు వడ్రంగిని పిలవాలి.
నాలుగు కొట్టారు.
తల తిప్పి చూస్తే
సీసాల్లో నీళ్లు
సగానికి దిగి ఉన్నాయి.